తోడు: చెంచాడు పెరుగుకీ, పక్కన నిలబడే మనిషికీ ఒకటే మాట

పోయిన వారం ఇక్కడ ఒకరు "కైండ్‌నెస్‌కి సరైన తెలుగు మాట ఏది?" అని అడిగారు. దయ, కరుణ, కనికరం, జాలి అని చాలామంది రాశారు. అన్నీ మంచి మాటలే. అయితే వాటిని మనం ఎలా వాడతామో చూడండి. దయ చూపిస్తాం, జాలి పడతాం, దేవుడు కరుణిస్తాడు. ఇచ్చే మనిషి కాస్త ఎత్తున, పుచ్చుకునే మనిషి కాస్త కింద ఉన్నట్టుంటుంది. ఇద్దరినీ ఒకే నేల మీద నిలబెట్టే మాట ఒకటుంది. రోజూ రాత్రి వంటింట్లో వినే మాట కావడంతో మనకి తట్టలేదేమో. తోడు.

"పాలు తోడుపెట్టావా?" అంటాం. "చీకటి పడింది, చెల్లికి తోడు వెళ్ళు" అంటాం. పాలలో కలిపే చెంచాడు పెరుగుకీ, దారిలో పక్కన నడిచే మనిషికీ మనవాళ్ళు ఒకటే పేరు పెట్టారు. నాకు ఈ సంగతి తెలిసింది నిఘంటువు చూసి కాదు.

పెళ్ళయిన కొత్తలో విజయవాడలో ఒక అద్దె ఇంట్లో దిగాం. సామాను సర్దేసరికి రాత్రి ఎనిమిదయింది. పాలు కాచాను, ఇంట్లో పెరుగుచుక్క లేదు. పక్కింటి తలుపు కొట్టి, మొహమాటపడుతూ తోడు అడిగాను. ఆవిడ ఒక్క క్షణం ఆగారు. "దీపాలు పెట్టాక తోడు గడప దాటించరమ్మా" అన్నారు. నేను వెనక్కి తిరగబోతుంటే, "ఆగు, నీ పాలగిన్నె ఇటు పట్రా. మా ఇంట్లోనే తోడేసి ఉంచుతాను, పొద్దున్నే పట్టుకుపో" అన్నారు.

గిన్నె తెచ్చాను. అరచెయ్యి గిన్నెకి ఆనించి చూసి, "ఇంకా వేడి తగ్గాలి, ఇప్పుడే వేస్తే తోడు చచ్చిపోతుంది" అని పక్కన పెట్టారు. ఆ కాసేపట్లోనే నాకు కాఫీ ఇచ్చారు, మా ఊరేదో కనుక్కున్నారు, నీళ్ళు ఎన్నింటికి వదులుతారో చెప్పారు. తర్వాత చెంచాడు పెరుగు వేసి, రెండుసార్లు తిప్పి, మూత పెట్టి, "ఇక కదపకూడదు" అన్నారు. పొద్దున నా గిన్నె వంచినా పెరుగు కదల్లేదు. ఆ రోజు నుంచి ఆవిడ నాకు పిన్నిగారు.

ఆచారాన్ని ఆవిడ తప్పలేదు, నన్ను ఉత్త చేతులతో పంపనూ లేదు. ఆ రెంటి మధ్య ఒక దారి అప్పటికప్పుడు కనిపెట్టారు. సృజన అంటే కవిత్వమూ బొమ్మలూ అనుకునేదాన్ని నేను. ఆ రాత్రి ఆవిడ చేసింది కూడా సృజనే అని ఇప్పుడు గట్టిగా అంటాను.

పాలలో జరిగేదీ చూడండి. ఆ చెంచాడులోని బాక్టీరియా పాలలో ఉన్న చక్కెరను తిని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది, ఆ పులుపుకి పాలలోని ప్రొటీన్ గడ్డకడుతుంది. రేపు ఆ గిన్నెలో ఏ మూల నుంచి చెంచాడు తీసినా అది ఇంకో గిన్నెకి తోడే. పుచ్చుకున్న పాలే ఇచ్చే పెరుగు అవుతుంది.

గురజాడ దేశభక్తి గేయంలో "సొంతలాభం కొంత మానుకు పొరుగువాడికి తోడుపడవోయ్" అన్న మాటలు మనందరికీ కంఠతా వచ్చు. 1910లో రాసిన ఆ పాటలో నన్ను ఆపేవి రెండు మాటలు. ఒకటి "కొంత". ఉన్నదంతా ధారపొయ్యమనలేదు ఆయన, కొంత మానుకోమన్నాడు. ఎవరైనా చెయ్యగలిగిన కొలత అది, చెంచాడు. రెండోది "తోడుపడవోయ్". దానం చెయ్యమనలేదు, పక్కన నిలబడమన్నాడు. ఆ తర్వాత చెట్టపట్టాల్ పట్టుకుని నడవమంటాడు. చేతులు పట్టుకుని నడవాలంటే పక్కపక్కనే ఉండాలిగా!

తోడబుట్టినవాళ్ళు, తోడికోడలు, తోడల్లుడు, తోడి పెళ్ళికూతురు. ఒట్టు పెట్టుకుంటే "అమ్మతోడు". బళ్ళో వల్లెవేసిన "చేతన్, చేన్, తోడన్, తోన్" కూడా గుర్తుచేసుకోండి. "నీతో వస్తా" అన్నప్పుడు ఆ చివరి "తో"లో కూడా తోడు ఉంది.

మీ వైపు ఈ మాట ఎలా వాడతారో రాయండి.

వ్యాఖ్యలు

కర్నూలు నుంచి: మా ఇంట్లో దీన్ని చేమిరి అంటారు. "పాలకి చేమిరి ఏసినావా?" అంటుంది అవ్వ. మనిషికి మాత్రం తోడే. మీరు రాసింది చదివి, రెండూ ఒకటే మాట అయిన ఊళ్ళ మీద కొంచెం అసూయ కలిగింది.

కరీంనగర్ నుంచి: మా దిక్కు "తోడేసినవా?" అంటం. మరి బావిలో నీళ్ళు తోడుడు కూడా ఇదేనా?

నా జవాబు: నీళ్ళు తోడటం వేరే మాటండీ, పైకి లాగే పని అది. రూపం ఒకటే కావడంతో "తోడుకున్నాయి" అంటే పాలూ, "తోడుకున్నాం" అంటే నీళ్ళూ గుర్తొస్తాయి. పాత పుస్తకాల్లో "తోడ్కొని వచ్చెను" అని ఉంటుందే, వెంటబెట్టుకుని రావడం, అది మాత్రం మన తోడే.

రాజమండ్రి నుంచి: చేదోడు వాదోడు మర్చిపోయారు! చే అంటే చెయ్యి, వా అంటే నోరు. చేతి సాయం, మాట సాయం. రెండోది కూడా సాయమేనని మన భాష ఎప్పుడో ఒప్పుకుంది. మా నాన్నగారిని ఆస్పత్రిలో చేర్చిన రాత్రి నేనొక్కడినే ఉన్నాను. మందుల చీటీ పట్టుకుని కిందికి వెళ్ళాలి, ఆయన్ని వదిలి వెళ్ళలేను, ఒకటే టెన్షన్. నర్సమ్మ వచ్చి "తోడెవరున్నారు?" అని అడిగింది. పక్క మంచం దగ్గర కూర్చున్న ముసలామె, మేమెవరో కూడా తెలియదు, "నేనున్నానమ్మా" అంది. నేను తిరిగొచ్చేసరికి నాన్నగారి మంచం దగ్గరికి స్టూలు జరుపుకుని, వాళ్ళ పొలంలో వంగతోట సంగతులు చెబుతోంది. ఆయన వింటున్నారు. మూడు రోజుల తర్వాత ఆయన మొహంలో నవ్వు చూశాను.

నా జవాబు: వాదోడు అంటే ఇదేనండీ. ఈ వ్యాఖ్య చదివి చాలాసేపు ఇంకేమీ రాయలేకపోయాను.

గుంటూరు నుంచి: పెరుగు దొరక్కపోతే ఎండుమిరపకాయ తొడిమలు వేసినా పాలు తోడుకుంటాయి. హాస్టల్‌లో మా రూమ్మేట్ చేసి చూపించింది. పిన్నిగారు ఇప్పుడు ఎక్కడున్నారు?

నా జవాబు: న్యూజెర్సీలో, కొడుకు దగ్గర. పోయిన జనవరిలో ఫోన్ చేశారు. "ఇక్కడి చలికి పాలు తోడుకోవడం లేదే, నీళ్ళలాగే ఉంటున్నాయి, ఏం చెయ్యను?" అన్నారు. ఆవిడ నన్ను సలహా అడగడం అదే మొదలు. గిన్నెకి తువ్వాలు చుట్టి ఓవెన్‌లో పెట్టమన్నాను, ఓవెన్ వెయ్యకుండా లోపలి లైటు ఒక్కటే వేసి ఉంచమన్నాను. "కదపకండి పిన్నిగారూ" అని కూడా అన్నాను.

మర్నాడు వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. గిన్నె పక్కకి వంచి పట్టుకున్నారు. పెరుగు కదల్లేదు.