పర్లాకిమిడి వైపు తెలుగిళ్లలో ఎస్‌ఆర్‌క్యూ-20: గీత ఎక్కడ గీయాలి?

ఒడిశాలోని గజపతి జిల్లాలో పర్లాకిమిడి చుట్టుపక్కల తెలుగువాళ్లని ఎస్‌ఆర్‌క్యూ-20తో అడుగుతున్నాం. మానసిక ఇబ్బందిని పసిగట్టే ప్రశ్నావళి ఇది: గత 30 రోజుల గురించి 20 అవును-కాదు ప్రశ్నలు. చాలాచోట్ల 8 గానీ అంతకు మించి గానీ అవునులు వస్తే మానసిక రుగ్మత ఉండొచ్చని లెక్క; గీత అంటే ఈ హద్దే. చిక్కంతా అక్కడే. తలనొప్పి, ఆకలి, నిద్ర, అలసట, కడుపు... అన్నీ ఒంటి బాధలే! మలేరియా, రక్తహీనత ఉన్నవాళ్లకి దిగులు లేకపోయినా స్కోరు పెరుగుతుంది. అత్తగారు పక్కనుంటే మాత్రం కోడలికి అన్నీ 'లేదు'లే.

2015-16 జాతీయ సర్వేలో పెద్దల్లో 10.6 శాతం మందికి మానసిక రుగ్మత ఉందన్నారు గానీ, ఆ సర్వే చేసిన 12 రాష్ట్రాల్లో ఒడిశా లేదు.

తెలుగులో ఈ గీతని డాక్టరు ఇంటర్వ్యూతో సరిచూసినవాళ్లున్నారా? తక్కువ స్కోరువాళ్లలో ఎంతమందిని మళ్లీ చూశారు? ఇంగ్లిష్ ప్రశ్నలోని 'నెర్వస్‌'కి గాబరా అనాలా, బెంగ అనాలా? బెంగంటే ఎవరినో తలుచుకోవడం అనుకుంటున్నారు.

17వ ప్రశ్నకి, అంటే చనిపోవాలనే ఆలోచనకి, అవునంటే స్కోరుతో పనిలేకుండా అదే రోజు డాక్టరు దగ్గరికి పంపి, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఇస్తున్నాం. ఇంకేం చేయాలో చెప్పండి.