బీఫ్ నూడుల్స్ సలాడ్: ముక్క రబ్బర్లా వస్తోంది, నూడుల్స్ ముద్దయిపోతున్నాయ్

కోనసీమ_కుర్రోడు
నమస్తే అండి అందరికీ. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు, గల్ఫ్‌లో చాన్నాళ్ళు పనిచేసి ఈ సంక్రాంతికి పూర్తిగా వచ్చేశా. అక్కడ మా మెస్‌లో ఒక థాయ్ వంటాయన ఉండేవాడు, సెలవు రోజు చల్లటి నూడుల్స్ మీద అప్పుడే పెనం మీంచి తీసిన బీఫ్ ముక్కలు, కీరా, పుదీనా వేసి నిమ్మకాయ పిండి పెట్టేవాడు, అరగంటలో అయిపోయేది. ఈ ఎండల్లో పొయ్యి దగ్గర నిలబడలేక అదే చేద్దామని మొన్న ఆదివారం పెద్దమాంసం అరకేజీ తెచ్చా. ముక్క నమిలీ నమిలీ దవడలు పడిపోయాయండి ఆయ్, ప్యాకెట్ నూడుల్స్ వేస్తే అది కాస్తా ఉప్మా అయి కూర్చుంది. ఫిష్ సాస్ ఇక్కడ దొరకలా. ఎక్కడ తేడా కొట్టిందో ఎవరైనా చెప్పండి.

పాలకొల్లు_పిన్ని
బాబూ, మన దగ్గర దొరికేది ఎక్కువగా గేదె మాంసం, కూర ముక్క తెచ్చి పెనం మీద వేస్తే అలాగే ఉంటది మరి. కొట్టులో అండర్‌కట్ అని అడుగు, వెన్ను లోపలి వైపు ఉండే మెత్తటి కండ. తెచ్చాక ఓ ముప్పావుగంట ఫ్రీజర్‌లో పెడితే కాస్త గట్టిపడి కత్తికి పలచగా తెగుతుంది. కండలో పోగులు ఎటు పోతున్నాయో చూసి వాటికి అడ్డంగా కొయ్యి, సగం సంగతి ఇక్కడే ఉంది, పోగు వెంబడి కోశావంటే ఏం చేసినా సాగుతుంది. పచ్చి బొప్పాయి కోరు ఒక్క చెంచా, సోయా సాస్, మిరియాల పొడి పట్టించి ఇరవై నిమిషాలు చాలు, బొప్పాయి పట్టించి రాత్రంతా వదిలేస్తే పిండిలా అయిపోద్ది.

గట్టు_మీద_గురూ
ఇంత బాధెందుకండీ, కుక్కర్‌లో ఆరు విజిల్స్ వేయించి చల్లారాక పీచులా చీల్చి కలిపేస్తే పోలా?

పాలకొల్లు_పిన్ని
బాగానే ఉంటదిగానీ అది వేరే వంట అయిపోద్ది, ఆ అబ్బాయి అడిగిన కాలిన వాసన కుక్కర్‌లో ఎక్కణ్ణుంచి వస్తది?

కాకినాడ_వంటిల్లు
పిన్నిగారు చెప్పిందే కరెక్టు. ఇంకోటి, పెనం పొగలు రావాలి, ముక్కలు కొద్దికొద్దిగా వెయ్యాలి, అరకేజీ ఒకేసారి కుమ్మరిస్తే నీరు ఊరి వేగడం మానేసి ఉడుకుతుంది, మీకు అదే జరిగుంటది. అలాగని లోపల ఎర్రగా మాత్రం వదలొద్దు, మన కొట్టు మాంసానికి ఆ ప్రయోగాలు వద్దు.

నూడుల్స్ గోధుమవి కాకుండా బియ్యం నూడుల్స్ తీసుకోండి, సన్నవైతే పొయ్యి మీద పెట్టక్కర్లేదు, మరిగిన నీళ్ళు పోసి మూతపెట్టి ఐదారు నిమిషాలకి ఒక పోగు కొరికి చూడండి, వెంటనే వడకట్టి చన్నీళ్ళతో గంజి పోయేదాకా కడగాలి.

ఫిష్ సాస్ అంటే ఏదో అనుకునేరు, నెత్తళ్ళలాంటి చేపల్ని ఉప్పులో నెలల తరబడి ఊరేసి తీసిన నీరే. అది లేకపోతే ఎండు రొయ్యలు తల తీసి దోరగా వేయించి పొడి కొట్టి సోయా సాస్‌లో కలపండి, అచ్చం అదే కాదుగానీ నోటికి బానే తగులుద్ది, థాయ్ వాళ్ళూ సలాడ్లలో ఎండు రొయ్యలు వేస్తారు. రెండు చెంచాల నిమ్మరసానికి రెండు చెంచాలు ఇది, ఒక చెంచా తాటిబెల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి దంచి వెయ్యండి. వేయించిన వేరుశనగపప్పు కచ్చాపచ్చాగా పైన. కీరా బదులు పప్పులో వేసే దోసకాయ వెయ్యకండి బాబోయ్, మా ఆయన ఒకసారి అదే తెచ్చి పెట్టాడు.

కోనసీమ_కుర్రోడు
ఇవాళ చేశానండి! ముక్క మెత్తగా వచ్చింది, అడ్డంగా కోయడంలో ఇంత ఉందని తెలీదు. నూడుల్స్ విడివిడిగా ఉన్నాయ్. రొయ్యల పొడి మాత్రం చేయి జారి కాస్త ఎక్కువైంది, ఇల్లంతా సంత వాసన. మా అమ్మ చల్లగా ఉందేంట్రా ఇది అని గొణుక్కుంటూ కొత్తావకాయ ముక్క నంజుకుని రెండోసారి పెట్టించుకుంది.