క్రిస్టియన్ స్కూల్ టీచర్లకు దూరవిద్యలో మాస్టర్స్: ఎడ్యుకేషనా, కౌన్సెలింగా?

నల్లబల్ల (ప్రశ్న)

టెక్సస్‌లో ఒక క్రిస్టియన్ స్కూల్లో ఐదో తరగతికి చెప్పే టీచరు ఉద్యోగం మానకుండా ఆన్‌లైన్లో మాస్టర్స్ చేయాలంటే ఏది మంచిదండీ? వెతికితే మూడు రకాలు కనిపిస్తున్నాయి. 36 క్రెడిట్ల (క్రెడిట్ అంటే కోర్సు బరువుకు కొలత) ఎం.ఎడ్. ఒకటి, 60 క్రెడిట్ల స్కూల్ కౌన్సెలింగ్ ఒకటి. మూడోది బిబ్లికల్ కౌన్సెలింగ్‌లో ఎం.ఏ. ఫీజు దానికే తక్కువ, తొందరగా అయిపోతుంది, ప్రాక్టికమ్ (పర్యవేక్షణలో చేసే అభ్యాసం) కూడా లేదు. స్కూలు వాళ్లేమో "ఏదో ఒక మాస్టర్స్ ఉంటే చాలు, పిల్లల కౌన్సెలింగ్ మీకే అప్పజెబుతాం" అంటున్నారు. వారానికి ఎన్ని గంటలు పడుతుంది? ఫీల్డ్‌వర్క్ సొంత స్కూల్లోనే చేయొచ్చా? ముందుగా ఏం చూసుకోవాలి?

చివరి బెంచీ

డిగ్రీ పేరు పక్కన పెట్టండి. చదువు అయ్యాక చేతికి ఏ కాగితం రావాలో ముందు తేల్చుకోవాలి. రాష్ట్రం ఇచ్చే స్కూల్ కౌన్సెలర్ సర్టిఫికెట్ వేరు, సొంతంగా ప్రాక్టీసు పెట్టుకోవడానికి ఎల్‌పీసీ (లైసెన్స్‌డ్ ప్రొఫెషనల్ కౌన్సెలర్) లైసెన్సు వేరు, ఏసీఎస్ఐ వంటి క్రిస్టియన్ స్కూళ్ల సంఘం ఇచ్చే సర్టిఫికెట్ వేరు. ఒకటి ఉంటే రెండోది దానంతటదే రాదు.

బిబ్లికల్ కౌన్సెలింగ్ డిగ్రీ సంఘ పరిచర్యకు పనికొస్తుంది. కానీ రాష్ట్ర లైసెన్సుకు కావలసిన అసెస్‌మెంట్, వృత్తి నీతి, మానవ వికాసం, పర్యవేక్షణలో చేసే ప్రాక్టికమ్ అందులో సాధారణంగా ఉండవు. ప్రాక్టికమ్ లేదన్న వెసులుబాటు దగ్గరే అసలు చిక్కు. రేపు స్కూలు మారినా, ఇప్పటి స్కూలే అక్రెడిటేషన్‌కు (నాణ్యత చూసి ఇచ్చే గుర్తింపుకు) వెళ్లి లైసెన్సు ఉన్న కౌన్సెలర్ కావాలన్నా ఆ కాగితం అక్కరకు రాదు.

టెక్సస్ సంగతి చెప్తాను. అక్కడ స్కూల్ కౌన్సెలర్ సర్టిఫికెట్‌కు 48 క్రెడిట్ల మాస్టర్స్ కావాలి, పరీక్ష రాయాలి. తరగతి గదిలో రెండేళ్ల బోధన ఉండాలన్న పాత నిబంధనను 2023లో తీసేశారు.

ఇంకోటి. టెక్సస్ ఆమోదం లేని బయటి రాష్ట్రం ప్రోగ్రాంలో చేరితే, మామూలుగా ముందు ఆ రాష్ట్రం సర్టిఫికెట్ తెచ్చుకుని, తర్వాత టెక్సస్‌లో సమీక్షకు పెట్టుకోవాలి. ప్రోగ్రాం ప్రకటనలో "అన్ని రాష్ట్రాలకూ సారా ఒప్పందం ఉంది" అని గొప్పగా రాస్తారు. (మన సారా కాదు లెండి!) అది యూనివర్సిటీ పక్క రాష్ట్రంలో ఉన్న విద్యార్థికి పాఠాలు చెప్పుకోవడానికి అనుమతి మాత్రమే, లైసెన్సుకు పూచీ కాదు. ఫెడరల్ ఎయిడ్ తీసుకునే యూనివర్సిటీలకు 2024 జూలై 1 నుంచి కొత్త నిబంధన వచ్చింది. లైసెన్సు కోసమని చెప్పుకునే ప్రోగ్రాం, విద్యార్థి చేరేనాటికి ఉంటున్న రాష్ట్రం విద్యార్హతలకు సరిపోవాలి. "టెక్సస్‌కు సరిపోతుందా" అని అడ్మిషన్ల వాళ్లకు ఈమెయిల్ పెట్టి, జవాబు రాతలో తీసుకోండి. ఫోన్లో చెప్పిన మాట దేనికీ కొరగాదు.

యూనివర్సిటీ అక్రెడిటేషన్‌ను దాని సొంత వెబ్‌సైట్లో చూసి నమ్మకండి. అమెరికా విద్యాశాఖ డేటాబేస్‌లో గానీ చియా (ఉన్నత విద్య అక్రెడిటేషన్ మండలి) డేటాబేస్‌లో గానీ పేరు వెతకండి. క్రిస్టియన్ కాలేజీలకు అక్రెడిటేషన్ ఇచ్చే ట్రాక్స్, ఏబీహెచ్ఈ రెండూ గుర్తింపు ఉన్న సంస్థలే. అయినా వాటి కింది కాలేజీల క్రెడిట్లను తీసుకోవడానికి పెద్ద యూనివర్సిటీలు తరచూ వెనకాడతాయి. కొన్ని రాష్ట్రాల్లో మతసంస్థ అన్న మినహాయింపు మీద అక్రెడిటేషనే లేకుండా డిగ్రీలిచ్చే కాలేజీలున్నాయి. వాటి జోలికి వెళ్లొద్దు.

ఇక గంటల లెక్క:

కౌన్సెలింగ్ వైపు వెళ్తే అందరూ తడబడేది ఫీల్డ్‌వర్క్ దగ్గరే. కేక్రెప్ (కౌన్సెలింగ్ కోర్సులకు అక్రెడిటేషన్ ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న ప్రోగ్రాంలో 100 గంటల ప్రాక్టికమ్, అందులో కనీసం 40 నేరుగా పిల్లలతో. ఆ తర్వాత 600 గంటల ఇంటర్న్‌షిప్, అందులో 240 నేరుగా. వారానికి 20 గంటల చొప్పున వేసుకున్నా ఇంటర్న్‌షిప్పే 30 వారాలు. పూర్తికాలం టీచరుకు పగటిపూట ఆ 20 గంటలు ఎక్కడ దొరుకుతాయి? వేసవిలో చేద్దామంటే స్కూల్లో పిల్లలుండరు. కేక్రెప్ లేకుండా టెక్సస్ ఆమోదంతో నడిచే ప్రోగ్రాములకు కనీస ప్రాక్టికమ్ 160 గంటలే. టెక్సస్ దాటే ఆలోచన లేకపోతే అది చాలు. దాటే అవకాశం ఉంటే 60 క్రెడిట్లదే తీసుకోండి.

సొంత స్కూల్లో చేయొచ్చా అన్నారు. చాలా ప్రోగ్రాములు ఒప్పుకుంటాయి గానీ షరతులుంటాయి. మీరు మార్కులు వేసే పిల్లలకే మీరు కౌన్సెలింగ్ చేయకూడదు. మీ మీద పర్యవేక్షణ చేసేవారికి కౌన్సెలింగ్‌లోనో దగ్గరి రంగంలోనో మాస్టర్స్, తగిన లైసెన్సు, మాస్టర్స్ తర్వాత కనీసం రెండేళ్ల అనుభవం ఉండాలి. చిన్న క్రిస్టియన్ స్కూల్లో అలాంటి మనిషి సాధారణంగా ఉండరు. ప్రిన్సిపాల్ ఎంత సీనియర్ అయినా, పాస్టర్‌గారు ఎంత మంచి సలహాదారు అయినా ఆ అర్హత లేకపోతే కుదరదు. అందుకే చాలామంది దగ్గర్లోని ప్రభుత్వ స్కూల్లో సైటు (ఫీల్డ్‌వర్క్ చేసే చోటు) వెతుక్కోవాల్సి వస్తుంది. యూనివర్సిటీకీ ఆ స్కూలు జిల్లాకూ మధ్య ఒప్పందం, నేర చరిత్ర తనిఖీ, బాధ్యతా బీమా ఇవన్నీ తేలేసరికి ఒక సెమిస్టర్ గడిచిపోతుంది. సైటు వేట అంతకు ముందే మొదలుపెట్టాలి.

రికార్డింగ్ సంగతి ముందే తేల్చుకోండి. మీరు పిల్లలతో మాట్లాడేది అధ్యాపకులు ఆడియో, వీడియోల్లోనో నేరుగానో చూడాలి. తల్లిదండ్రుల సంతకం, స్కూలు అనుమతి రెండూ కావాలి. స్కూలు బోర్డు సెమిస్టర్ మధ్యలో "వీడియోలు వద్దు" అంటే అప్పటిదాకా పడిన శ్రమ నీళ్లపాలే. చాపెల్‌లో (స్కూలు ప్రార్థన సభలో) మాట్లాడటం, బైబిల్ పాఠం చెప్పడం, క్రమశిక్షణ డ్యూటీ, ఇవేవీ నేరుగా చేసిన కౌన్సెలింగ్ గంటలు కావు.

నల్లబల్ల

రికార్డింగ్ ఉంటుందనే తెలియదు, మంచిమాట చెప్పారు. సరే, ఎం.ఎడ్. అయితే ఈ తలనొప్పులు ఉండవా? 8 వారాల టర్మ్‌లో రెండు కోర్సులు లాగేయొచ్చా?

రెండో పీరియడ్ (జవాబు)

లాగలేరండీ. ఒక క్రెడిట్ అంటే వారానికి ఒక గంట పాఠం, రెండు గంటల సొంత చదువు, సుమారు 15 వారాలు. అంటే 45 గంటలు. మూడు క్రెడిట్ల కోర్సు 135 గంటలు. దాన్ని 8 వారాల్లో కుదిస్తే వారానికి 17. రెండు కోర్సులైతే 34, అది ఇంకో ఉద్యోగమే. టర్మ్‌కు ఒకటి, ఏడాదికి ఐదు వేసుకుంటే 12 కోర్సులకు దాదాపు రెండున్నరేళ్లు. పరీక్షలు, రిపోర్టు కార్డులు ఉండే టర్మ్ ఖాళీగా వదిలేయండి. కానీ ఫెడరల్ లోన్ తీసుకుంటే హాఫ్‌టైమ్ (సగం లోడుతో చదవడం) అంటే ఎన్ని క్రెడిట్లో ముందే అడగండి. టర్మ్ వదిలితే పాత లోన్ వాయిదాలు మొదలయ్యే ప్రమాదం ఉంది.

అధ్యాపకుడు కనిపించకుండా మాడ్యూళ్లు, క్విజ్‌లతోనే నడిచే కోర్సు ఫెడరల్ లెక్కలో కరస్పాండెన్స్ కిందికి వస్తుంది. అవే చదివితే హాఫ్‌టైమ్ కంటే ఎక్కువగా లెక్కించరు. చేరేముందు ఒక సిలబస్ అడిగి తెప్పించుకుంటే తెలిసిపోతుంది.

ఎం.ఎడ్.లో తలనొప్పి యాక్షన్ రీసెర్చ్, అంటే టీచరు తన బోధన మీద తానే చేసే పరిశోధన. సొంత తరగతి పిల్లలతోనే చేస్తారు కాబట్టి సులువనుకుంటారు. పిల్లలు మైనర్లు, పైగా మార్కులు మీ చేతిలో ఉంటాయి. కాబట్టి యూనివర్సిటీ నైతిక సమీక్ష బోర్డు గట్టిగా చూస్తుంది. తల్లిదండ్రుల సమ్మతి, పిల్లల ఒప్పుకోలు, కాదన్న పిల్లలకు నష్టం రాకుండా ఏర్పాటు, ఈ మూడూ చూపించాలి. ఆమోదానికి ముందే పరిశోధన కోసమని సేకరించిన డేటా థీసిస్‌లో పెట్టడానికి లేదు. స్కూలు ఆగస్టులో తెరిస్తే దరఖాస్తు వేసవికి ముందే పంపాలి.

విశ్వాసాన్నీ విషయాన్నీ కలిపి రాయమనే పేపర్లలో మార్కులు పోయే తీరు ఒకటే. పది పేజీలు సిద్ధాంతం రాసి, చివర రెండు వచనాలు అతికిస్తారు. పిల్లవాడు పుట్టుకతో మంచివాడని ఒక సిద్ధాంతం అనుకుంటుంది, పతన స్వభావం ఉందని మీ సంఘం నమ్ముతుంది. తరగతిలో శిక్ష, బహుమతి విషయంలో ఈ రెండూ ఎక్కడ ఢీకొంటాయో మొదటి పేజీ నుంచే చూపితే అది కలపడం. వ్యాసాలు వెతకడానికి ఎరిక్ డేటాబేస్ ఉచితమే.

చివరి బెంచీ

స్కూలు "కౌన్సెలింగ్ మీకే" అన్నది ఎం.ఎడ్. తీసుకున్నా వదలదు, కాబట్టి దానికీ ఒక మాట. విద్యార్థుల రికార్డుల గోప్యత చట్టం ఫెర్పా, ఫెడరల్ విద్యా నిధులు తీసుకునే స్కూళ్లకే వర్తిస్తుంది. ఆ నిధులు లేని ప్రైవేటు స్కూల్లో పిల్లవాడు చెప్పింది ఎవరు చూడొచ్చన్నది స్కూలు రాసుకున్న నియమాలను బట్టే ఉంటుంది. కాబట్టి ప్రిన్సిపాల్‌కు ఎంత చెప్పాలి, పాస్టర్‌కు చెప్పాలా, నోట్స్ ఎవరి బీరువాలో ఉంటాయి, ఇవి హ్యాండ్‌బుక్‌లోకి ఎక్కేదాకా ఆ బాధ్యత ఒప్పుకోకండి. హింస, లైంగిక వేధింపు అనుమానం వస్తే ముందు స్కూలు పెద్దలకు చెప్పి ఊరుకోవడం కుదరదు. టెక్సస్‌లో ఆ రిపోర్టు టీచరే స్వయంగా ఇవ్వాలి, ఇంకొకరికి అప్పగించడానికి వీల్లేదు.

నల్లబల్ల

48 క్రెడిట్ల ప్రోగ్రాములు టెక్సస్ ఆమోదం ఉన్నవి రెండు చూశాను, సైటు ఎవరు వెతకాలో వాళ్లకు ఈరోజే రాస్తున్నాను.