శ్రీలంక ఓటర్ల లెక్క ఎవరైనా విడమర్చి చెప్తారా?

మాది గుంటూరు. మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో గుమస్తాని. ఇక్కడి సరుకు కొలంబోకీ వెళ్తుంది కాబట్టి 2022లో అక్కడ డాలర్లు అడుగంటినప్పుడు ఆ సెగ మాకూ తగిలింది. లోడెత్తాల్సిన టిక్కీలు (మిర్చి బస్తాలు) గోడౌన్లోనే ఉండిపోయాయి. అప్పట్నుంచి ఆ దేశం వార్తలు వదలకుండా చూస్తున్నా, ఒక్కటి మాత్రం అంతుపట్టట్లేదు.

2019 అధ్యక్ష ఎన్నికల్లో గొటబాయ రాజపక్సకి 52 శాతం ఓట్లేశారు. ఆయన వస్తూనే వ్యాట్ 15 నుంచి 8 శాతానికి దించాడు, 2021లో రసాయన ఎరువుల దిగుమతి ఉన్నపళంగా ఆపేశాడు (మా యార్డుకొచ్చే ఏ రైతునడిగినా వద్దనేవాడు). తర్వాత జరిగింది తెలిసిందే. కానీ అదే 2019లో 3 శాతం దగ్గరే ఆగిపోయిన వామపక్ష నేత అనుర కుమార దిస్సనాయకే 2024 అధ్యక్ష ఎన్నికల్లో 42 శాతం తెచ్చుకున్నాడు! ఇది ఆయన మీద నమ్మకమా, పాతవాళ్ల మీద కసా? మా షావుకారు కసే అంటాడు. నాకు అంత తేలిగ్గా అనిపించట్లేదు.

ఇంకోటి. అక్కడ బ్యాలెట్ మీద 1, 2, 3 అని ముగ్గురికి వరస ఇవ్వొచ్చు. 2024లో ఎవరూ సగం దాటక, మొట్టమొదటిసారి ఆ 2, 3 ఓట్లు చూసే రెండో లెక్కింపు జరిగింది. మామూలు ఓటరు ఆ 2, 3 వేస్తాడా, ఒక్కరితో సరిపెడతాడా?

2024 జనవరిలో వ్యాట్ 18 శాతమైంది. కొత్త ప్రభుత్వం కూడా ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి) అప్పు ఒప్పందాన్ని వదల్లేదు. కొలంబోలో ఉంటున్నవాళ్లు, వ్యాపారం మీద వెళ్లొచ్చేవాళ్లు ఉంటే కాస్త చెప్పండి: కిరాణా కొట్టు దగ్గర జనం ఏమనుకుంటున్నారు?