ఇయర్ 12లో హెల్త్ అండ్ సోషల్ కేర్: ఇది మన బైపీసీయేనా?

ప్రశ్న (రెడింగ్): స్కిల్డ్ వర్కర్ వీసా మీద మే నెలలో కుటుంబంతో వచ్చామండి. అమ్మాయికి 16 ఏళ్లు, గుంటూరులో పదో తరగతి పాసైంది. ఇక్కడి సిక్స్త్ ఫామ్‌లో (మన ఇంటర్ లాంటి ఇయర్ 12, 13 చదువు) ‘బీటెక్ హెల్త్ అండ్ సోషల్ కేర్’ ఇస్తామంటున్నారు. ఇది బైపీసీ లాంటిదేనా? తర్వాత మెడిసిన్‌కి వెళ్లొచ్చా?

లెస్టర్ నుంచి: ముందు ఒక్క మాట, ఈ బీటెక్‌కీ మన ఇంజనీరింగ్‌కీ చుట్టరికం లేదు. ఇది ఎ లెవెల్స్‌కి (ఇక్కడి ఇంటర్ స్థాయి సబ్జెక్టు పరీక్షలు) బదులుగానో, వాటితోపాటో చదివే వృత్తి కోర్సు. బైపీసీ అసలే కాదండి. ఇందులో కెమిస్ట్రీ, ఫిజిక్స్ ఉండవు. ఇక్కడ మెడిసిన్‌కి ఎక్కువచోట్ల కెమిస్ట్రీ, బయాలజీ ఎ లెవెల్స్ అడుగుతారు. ఇండియాకెళ్లి నీట్ రాద్దామన్నా ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ లేకపోతే అర్హతే లేదు. డాక్టరే కావాలంటే ఇప్పుడే దారి మార్చండి. నర్సింగ్, సోషల్ వర్క్, ఆక్యుపేషనల్ థెరపీ అయితే ఈ కోర్సు బాగానే పనికొస్తుంది.

ఏ సైజు ఇస్తున్నారో అడిగారా? ఎక్స్‌టెండెడ్ సర్టిఫికెట్ (360 గంటలు) ఒక ఎ లెవెల్‌కి సమానం, డిప్లొమా (720) రెండింటికి, ఎక్స్‌టెండెడ్ డిప్లొమా (1080) మూడింటికి. సర్టిఫికెట్‌లో డిస్టింక్షన్ స్టార్ వస్తే యూనివర్సిటీ ప్రవేశాల్లో లెక్కేసే యూకాస్ పాయింట్లు 56, డిస్టింక్షన్‌కి 48, మెరిట్‌కి 32. నన్నడిగితే చిన్న సైజు తీసుకుని పక్కన బయాలజీ ఎ లెవెల్ పెట్టించండి. ఫిజియోథెరపీ, మిడ్‌వైఫరీ వైపు మనసు మళ్లినా దారి మూసుకుపోదు.

మిల్టన్ కీన్స్ నుంచి: అసైన్‌మెంట్లే కదా, తేలిక అనుకోకండి. 2016 సిలబస్‌లో యూనిట్ 1 (మానవ జీవితదశల వికాసం) గంటన్నర రాతపరీక్ష, 90 మార్కులు. యూనిట్ 2 కూడా గంటన్నరే, 80 మార్కులు. 2025 సెప్టెంబర్‌లో ఏఏక్యూ (ఆల్టర్నేటివ్ అకడమిక్ క్వాలిఫికేషన్) అనే ఈ కోర్సు కొత్త రూపం మొదలైంది. స్కూల్లో నడిచేది ఏదో కనుక్కున్నాకే పాత ప్రశ్నపత్రాలు కొనండి.

మన పిల్లలకు మార్కులు పోయేది ఎక్కడంటే, బట్టీపట్టింది దించేసే చోట. ప్రశ్నలో భర్త పోయిన 45 ఏళ్ల ఆవిడ గురించి ఇస్తారనుకోండి. జీవిత సంఘటనల ఒత్తిడికి పాయింట్లు కట్టే హోమ్స్, రాహే పట్టికలో జీవిత భాగస్వామి మరణానికి 100 పాయింట్లు అని రాసి ఆపేస్తే చాలదు. ఆవిడ ఉద్యోగం, పిల్లలు, ప్రశ్నలో ఇచ్చిన వివరాలు పట్టుకుని ఒత్తిడి ఎలా పెరుగుతుందో చెప్పాలి. అందరూ ఒకేలా తట్టుకోరు కాబట్టి ఆ పట్టిక ఎక్కడ సరిపోదో కూడా రాయాలి.

అసైన్‌మెంట్లలో మరో చిక్కుంది. డిస్టింక్షన్ రావాలంటే కింద ఉన్న పాస్, మెరిట్ అంశాలన్నీ పూర్తవ్వాలి. పైన ఎంత గొప్పగా రాసినా, కింద ఒక పాస్ అంశం వదిలేస్తే యూనిట్ మొత్తం ఆగిపోతుంది. గడువులోగా ఇస్తేనే, టీచర్లు ఒప్పుకుంటేనే, ఒకసారి దిద్ది ఇవ్వడానికి 15 పనిదినాలు దొరుకుతాయి. ప్లేస్‌మెంట్‌లో (కోర్సులో భాగంగా బయట చేసే పని అనుభవం) చూసిన వాళ్ల అసలు పేర్లు అసైన్‌మెంట్‌లో రాయకూడదు, మొదటి రోజే చెప్పండి.

స్లావ్ నుంచి: ప్లేస్‌మెంట్‌కి ముందు డీబీఎస్ తనిఖీ (నేరచరిత్ర ఉందా అని చూసేది) అడగొచ్చు. 16 నిండితేనే చేస్తారు, ఐదేళ్ల చిరునామాలు ఖాళీ లేకుండా ఇవ్వాలి. గుంటూరులో అద్దె ఇళ్లు మారి ఉంటే నెలలతో సహా ఇప్పుడే రాసిపెట్టుకోండి.

పదో తరగతి ఇంగ్లిష్, మ్యాథ్స్ మార్కులకు విదేశీ చదువులను ఇక్కడి వాటితో పోల్చి చెప్పే సంస్థ యూకే ఎనిక్ నుంచి సమానత్వ పత్రం తెప్పించండి. జీసీఎస్ఈ (ఇక్కడి పదో తరగతి లాంటి పరీక్ష) గ్రేడ్ 4కి సమానమని తేలని సబ్జెక్టును కోర్సుతోపాటు మళ్లీ చదివిస్తారు.

లెస్టర్ నుంచి మళ్లీ: డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. డిపెండెంట్‌గా ఉన్న అమ్మాయికి స్టేట్ సిక్స్త్ ఫామ్‌లో ఫీజు లేదు. యూనివర్సిటీ వేరే లెక్క. సాధారణంగా సెటిల్డ్ హోదా (ఐఎల్ఆర్ లాంటి శాశ్వత నివాస అనుమతి), కోర్సు మొదలయ్యేనాటికి మూడేళ్ల నివాసం, రెండూ ఉంటేనే హోమ్ ఫీజు. లేదంటే నర్సింగ్‌కి కూడా ఇంటర్నేషనల్ ఫీజే. నర్సింగ్ విద్యార్థులకు ఏడాదికి 5,000 పౌండ్లిచ్చే ఎన్‌హెచ్‌ఎస్ సాయమూ అందదు. మీ ఐఎల్ఆర్ ఎప్పుడొస్తుందో, అమ్మాయి ఇయర్ 13 ఎప్పుడు ముగుస్తుందో పక్కపక్కన పెట్టి చూసుకోండి.

స్లావ్ నుంచి: సీటు ఇంకా ఖాయం కాకపోతే ఆగస్టులో జీసీఎస్ఈ ఫలితాలొచ్చే వారం ఊళ్లోనే ఉండండి. సీట్లు కదిలేది అప్పుడే. ఆ గురువారం సర్టిఫికెట్లు, పాస్‌పోర్టు, ఈ-వీసా షేర్ కోడ్ (మీ వీసా హోదాను ఆన్‌లైన్‌లో చూపించే కోడ్) పట్టుకుని పొద్దున్నే స్కూలుకి వెళ్లండి.