ఎన్జీఓ డిస్కౌంట్ లైసెన్సుకు రెండుసార్లు రిజెక్ట్, పేరులో తేడా అంటున్నారు

మాది పిల్లలకు సాయంత్రం పూట ఉచితంగా చదువు చెప్పే చిన్న సొసైటీ, ఆదాయపన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ పన్ను మినహాయింపు గుర్తింపులు రెండూ ఉన్నాయి. 6 కంప్యూటర్లకు ఆఫీస్ సాఫ్ట్‌వేర్ ఎన్జీఓ డిస్కౌంట్‌లో తీసుకుందామని అప్లై చేస్తే నెలలో రెండుసార్లు తిప్పికొట్టారు. 'సంస్థ పేరు సరిపోలడం లేదు' అని ఒక్క లైను, అంతే. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో తెలుగులో 'సేవా సంఘం' అని ఉంది, పాన్ కార్డులో ఇంగ్లిష్‌లో 'సేవా సొసైటీ' అని పడింది. రెండోసారి నోటరీ చేయించిన ఇంగ్లిష్ అనువాదం, 12ఏ ఆర్డర్ కూడా జతచేశాం, సొంత డొమైన్ మెయిల్ నుంచే పంపాం, అయినా అదే జవాబు. ట్రయల్ ఇంకో 12 రోజుల్లో అయిపోతుంది, పిల్లల హాజరు, మార్కులు అన్నీ అందులోనే ఉన్నాయి, చాలా టెన్షన్‌గా ఉంది. దొంగ కాపీ మాత్రం వేసుకోం. పాన్‌లో పేరు మార్పించకుండానే ఇలాంటి వెరిఫికేషన్ దాటినవాళ్లు ఎవరైనా ఉంటే, ఏ పత్రం పెడితే ఒప్పుకున్నారో చెప్తారా?