చర్చ: కుటుంబాలు నడిపే కార్ల షోరూమ్‌లకు చట్టం అండగా ఉండాలా?

పటమట వాసి:
ఉండాలనే నా వాదన. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చేదాకా అంబాసిడర్‌కో పద్మినికో డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసేవాళ్లు. అప్పట్లో ఏజెన్సీ అంటే హోదా. మా మామయ్య గుంటూరులో షోరూమ్ పెట్టేనాటికి ఆ రోజులు పోయాయి. కష్టపడి అమ్ముకోవాల్సిందే. మిర్చి యార్డులో సరుకు అమ్మి డబ్బు సంచితో నేరుగా వచ్చే రైతులు కంపెనీని చూసి కాదు, ఆయన్ని చూసి కొనేవాళ్లు. ఆషాఢంలో ఎవరూ బండి కొనరు. అయినా నెలాఖరుకి కంపెనీ స్టాక్ తోసేది. అమ్ముడుపోని ప్రతి కారు మీదా బ్యాంకు వడ్డీ ఆయనదే. గోడ రంగు, టైల్స్, కుర్చీలు కూడా కంపెనీ చెప్పినట్టే, ఖర్చు మాత్రం ఈయనది. చివరికి ఒక్క నోటీసుతో ఏజెన్సీ తీసేశారు.

ఇది ఒక్కరి బాధ కాదు. 2017లో మన దేశంలో షెవర్లే కార్ల అమ్మకాలు ఆగిపోయాయి. 2021 సెప్టెంబరులో ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపేస్తున్నామంది. దాని డీలర్లు 170 మంది, వాళ్ల పెట్టుబడి 2000 కోట్ల దాకా ఉంటుందని డీలర్ల సమాఖ్య ఫాడా చెప్పింది.

బ్రాడీపేట:
మీ మామయ్యగారి మీద గౌరవం ఉందండీ. కానీ కొనేవాళ్ల సంగతేంటి? మేం కారు కొన్నది కూడా ఒక కుటుంబం షోరూమ్‌లోనే. ఇన్సూరెన్స్ తమ దగ్గరే చేయించుకోవాలన్నారు. బయట తక్కువకి వస్తుందంటే, డెలివరీ ఆలస్యమవుతుందన్నారు. దసరాకి పూజ చేయించాలని అడిగినంతా కట్టాం. 2021లో మెర్సిడెస్ మన దేశంలో నేరుగా అమ్మకం మొదలుపెట్టింది. ఏ ఊళ్లో అయినా ఒకటే ధర. అదే నయం.

ఆటోనగర్ కుర్రాడు:
షోరూమ్ మూస్తే ముందు రోడ్డున పడేది మా మెకానిక్కులే. ఆటోనగర్ షెడ్లలో పని దొరుకుతుంది, నిజమే. పీఎఫ్ మాత్రం దొరకదు. ఆ మాట కూడా చర్చలో ఉండాలి.

పటమట వాసి:
బ్రాడీపేట గారూ, ఇన్సూరెన్స్ బలవంతం తప్పే, దాన్ని నేను సమర్థించను. కానీ మీరు చెప్పిన మెర్సిడెస్ పద్ధతిలో స్టాక్ కంపెనీదే, డీలరుకి కమిషన్ వస్తుంది. వడ్డీ భారం ఉండదు. నేనడిగేదీ అదే కదా! చిన్న కార్లు తయారుచేసే కంపెనీలు కూడా ధర ఒకటే పెట్టుకోనీండి, స్టాక్ కూడా తమ ఖాతాలోనే ఉంచుకోవాలి. అలా కుదరదంటే తగినంత ముందుగా నోటీసివ్వాలి, మిగిలిన కార్లు, స్పేర్ పార్టులు వెనక్కి తీసుకోవాలి. ఇది కంపెనీ దయ మీద వదలకుండా చట్టంలోనే రాయాలి. మామయ్య గోడౌన్‌లో బంపర్లు, హెడ్‌లైట్లు సీలు విప్పకుండా ఇంకా పడి ఉన్నాయి. ఆ డబ్బు ఎవరిస్తారో చెప్పండి.